కదలని గోడ మీద గీతలు

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి నందిగామ బస్టాండులో ఏజెంట్ కల్యాణ్ టీ తాగుతూ చచ్చిపోయాడు.

విషం టీలో లేదు. వెనక నుంచి తోసుకుంటూ బస్సెక్కిన ఎవడో సూదంత ముల్లు మెడలో దింపి వెళ్ళిపోయాడు. జనం గుండెపోటు అనుకున్నారు. పోలీసులూ అలాగే రాసుకున్నారు. కల్యాణ్‌కి ముప్పై నాలుగేళ్ళు, పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తే మనిషి. ఆ గుండెకి ఏ రోగమూ లేదని అక్కడున్న వాళ్ళలో ఒక్కడికే తెలుసు. అతను ఏజెంట్ రూబెన్. స్నేహితుణ్ణి కలవడానికి ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు.

రూబెన్ ఏడవలేదు. కల్యాణ్ సంచిలోంచి టిఫిన్ క్యారేజీ తీసి, గోంగూర అన్నంలో వేళ్ళు పెట్టి వెతికాడు. అడుగున ప్లాస్టిక్ కవర్లో పెన్‌డ్రైవ్ దొరికింది. దాన్ని ఆఫీసుకి అప్పగించే ముందు తన లాప్‌టాప్‌లోకి ఒక కాపీ తీసుకున్నాడు. రూల్ ప్రకారం అది తప్పు. రూబెన్ సర్వీసు రికార్డు నిండా ఇలాంటి తప్పులే.

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకి నందిగామ బైపాస్ పక్కనున్న పురుగుమందుల గోడౌన్ తలుపు తట్టాడు.

"పత్తికి తెల్లదోమ పట్టింది," అన్నాడు.

"మా చేలో పచ్చదోమ," అంది లోపలి గొంతు. తలుపు తెరుచుకుంది.

మందు డబ్బాల వెనక ఉన్న గదిలో జోనల్ చీఫ్ ప్రమీలారాణి కూర్చుని ఉంది. కూర్చోమని ఎవరికీ చెప్పని మనిషి. మిషన్ సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేసింది. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా మన ఓడరేవుల రక్షణ ప్లాన్లు అమ్ముకుంటోంది. వాళ్ళ ముఖాలు చూసిన సాక్షి ఒక్కడే, ప్రేమదాసు అనే షిప్పింగ్ ఆఫీసు గుమాస్తా. ఈ మధ్యాహ్నం మూడింటికి విజయవాడ కోర్టులో సాక్ష్యం. హైదరాబాద్ నుంచి రెండు కార్లలో తెస్తున్నారు. ప్రేమదాసు రెండో కారులో ఉంటాడు.

ఆ పేరు రూబెన్‌కి కొత్త కాదు. సాక్ష్యం చెప్పనని మొరాయించిన ప్రేమదాసుని ఒప్పించింది తనే. వీరులపాడులో వాళ్ళింట్లో, ఆయన భార్య ఎదురుగా కూర్చుని, కోర్టు మెట్లెక్కించే పూచీ నాది, ఇంటికి చేర్చే పూచీ కూడా నాదే అని మాటిచ్చాడు. ఆవిడ బైబిలు తెచ్చి అతని ముందు పెట్టింది. దాని మీద చెయ్యి వేశాడు.

"ఆర్కిడ్ వాళ్ళ దగ్గర కల్యాణ్ కొట్టేసిన పెన్‌డ్రైవ్‌లో ఏముంది?" అని అడిగాడు.

గది చివరి నుంచి ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత కృష్ణప్రియ వచ్చింది. ల్యాబ్‌లో వీడియో నిపుణురాలు. నాలుగు భాషలు, నల్ల కళ్ళద్దాలు, నవ్వితే ఎదుటివాడు అడగబోయింది మర్చిపోతాడు. శాఖలో సగంమంది ఆమె అంటే పడి చస్తారు, మిగతా సగం ఆ సంగతి ఒప్పుకోరు.

"పాత పెళ్ళి క్యాసెట్టు," అంది. "టేపు కెమెరా వీడియోని కంప్యూటర్లోకి ఎక్కిస్తే దువ్వెన పళ్ళలా గీతలొస్తాయి. ఇంటర్‌లేసింగ్ అంటారు. అవన్నీ తీసేసి శుభ్రం చేశా. ఫ్రేమ్ ఫ్రేమ్ చూశా. పెళ్ళే, ఇంకేం లేదు."

తెర మీద ఆడించింది. మొదట గులాబీల మధ్య ‘నెహెమ్యా వీడియోస్, జగ్గయ్యపేట’ అని పేరు తిరిగింది. తర్వాత జీవరత్నం, పున్నమ్మల పెళ్ళి. తెల్లటి గోడ ముందు వధూవరులు, దండలు, కేకు. గోడ అద్దంలా ఉంది.

"ఏమీ లేని పెళ్ళి కోసం కల్యాణ్‌ని ఎందుకు చంపారు?"

ఫ్రెండు పోయాడని అతని బుర్ర పనిచేయడం లేదనీ, ఈ మిషన్‌లో ఇక అతను లేడనీ చీఫ్ తేల్చింది. కార్లలో ఫోన్లుండవు, వైర్‌లెస్ ఉండదు. సిగ్నల్ దొరికితే శత్రువు పసిగడతాడని కృష్ణప్రియ ఇచ్చిన సలహా. ఒంటిగంట ప్రాంతంలో చిల్లకల్లు టోల్ గేటు దగ్గర ఆమే స్వయంగా కార్లు ఆపి మనుషుల్ని సరిచూసి పంపుతుంది.

"చేతి వాచీ మాత్రం తీయకు," అంది కృష్ణప్రియ, తన ల్యాబ్‌లో తయారైన ఆ వాచీని ముద్దుగా తట్టి. "నువ్వెక్కడున్నావో మాకు తెలియాలిగా."

పదిన్నరకి రూబెన్ జగ్గయ్యపేటలో దిగాడు. అంటించిన మీసం, చేతిలో పాత క్యాసెట్ల సంచి. సెల్ ఫోన్ల షాపు పైన ఇరుకు గది. గుమ్మం మీద ‘మీ పాత పెళ్ళి క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబడును’ అని బోర్డు. లోపల అరవై దాటిన నెహెమ్యా తలెత్తి ఒక్కసారి చూశాడు.

"మీసం అంటిస్తే నడక మారుద్దంట్రా?"

రూబెన్ మీసం పీకేశాడు. పన్నెండేళ్ళ క్రితం ఈయన దగ్గరే పెళ్ళిళ్ళలో లైటు పట్టేవాడు. ఒకరోజు నడి పెళ్ళిలో లైటు కుర్చీలో పెట్టి ఉద్యోగ పరీక్షకి పరిగెత్తాడు. పెళ్ళికూతురు సగం పెళ్ళి చీకట్లోనే చేసుకుంది. అప్పటినుంచీ ఆయన మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"బాబాయ్, ఒక మనిషి ప్రాణం," అన్నాడు రూబెన్. "రెండున్నర గంటలే ఉంది. తిట్టేది తర్వాత తిట్టు."

నెహెమ్యా చెయ్యి చాపాడు. ఫైలు ఎక్కించి, గీతలున్న కాపీని కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి చూశాడు. మూడో నిమిషంలో ఆపాడు. మొహం ముడుచుకుంది.

"ఇది నేను తీసిందేరా. ఈ గోడకి సున్నం కొట్టిన రోజు కూడా నాకు తెలుసు." వేలితో తెర మీద పొడిచాడు. పెళ్ళికొడుకు చేతి మీద దువ్వెన పళ్ళు. వెనక గోడ మీద కూడా, సన్నగా, బూడిదరంగులో అలాంటివే. "చేతికి గీతలొచ్చినయ్యంటే న్యాయం, చెయ్యి కదిలింది. గోడ కదులుద్దా?"

విసుక్కుంటూనే చెప్పాడు. పాత కెమెరా బొమ్మని ఒకేసారి తీయదు. ముందు ఒక సగం గీతలు, రెప్పపాటు తర్వాత రెండో సగం. బేసి గీతలు ఒక సగం, సరి గీతలు ఒక సగం. ఈ రెప్పపాటులో ఏది కదిలితే దాని అంచులు రెండు సగాల్లో రెండు చోట్ల పడి పళ్ళలా కనిపిస్తాయి. కదలనిదానికి రెండు సగాలూ ఒకటే, గీత అనేది రాదు. కదలని గోడ మీద గీతలున్నాయంటే ఒక సగంలో ఎవడో ఏదో రాశాడన్నమాట.

"మా ల్యాబ్ శుభ్రం చేసింది," అంటూ రూబెన్ ఫోనులో ఫొటో చూపించాడు. పొద్దున చీఫ్ చూడకుండా తెరని ఫొటో తీసుకున్నాడు. ఇదొక తప్పు.

నెహెమ్యా నవ్వాడు. అది మంచి నవ్వు కాదు.

"పట్టుచీర జరీ అంచు చూడు, మెట్లుమెట్లుగా విరిగింది. పని తెలిసినోడు కదిలిన చోటే సరిచేస్తాడు, గోడ జోలికి పోడు. ఇది చేసినోళ్ళు ఒక సగాన్ని మొత్తం పారేసి రెండోదాన్ని సాగదీశారు. తెలియక చేసిన పని కాదిది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు జగ్గయ్యపేట వీడియో మిక్సింగ్ షాపుకి రాలేదు కాబోలు. నెహెమ్యా బేసి గీతలు తీసేసి సరి గీతలు మాత్రమే తెర మీద పరిచాడు. వధూవరుల మధ్య, తెల్లగోడ మీద, అక్షరాలు లేచాయి.

‘చిల్లకల్లు టోల్. ఆరో లేన్. రెండో కారు. మూడో సైరన్.’

మూడో సైరన్ అంటే ఏమిటో ఇక్కడే పుట్టిన రూబెన్‌కి వివరించక్కర్లేదు. రోజూ మధ్యాహ్నం సున్నపురాయి క్వారీలో మూడు సైరన్లు మోగుతాయి. ఒంటిగంటకి మూడోది ఆగగానే మందు పేలుతుంది. ఆ చప్పుడుకి పేట నుంచి చిల్లకల్లు దాకా ఒక్క తల తిరగదు. ఆ క్షణంలో తుపాకి పేల్చినా తిరగదు.

చీఫ్‌కి ఫోన్ చేసి తన కాపీ సంగతి ఎత్తాడు. సాక్ష్యాన్ని కాపీ చేశావా అని అడిగిందావిడ. రూబెన్ మిగతాది చెప్పేలోపు, వచ్చి సరెండరవమని చెప్పి పెట్టేసింది. కృష్ణప్రియ పేరు చెప్పే అవకాశమే రాలేదు. రూబెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, తన మీద. పన్నెండేళ్ళ సర్వీసులో ఒక్కసారైనా రూల్ పాటించి ఉంటే ఈ రోజు నమ్మేది.

"క్వారీ వాళ్ళని ఆపమని చెప్తే?"

"నీ మాట వినరు, నా మాటా వినరు," అన్నాడు నెహెమ్యా. "పేలుడు హద్దుకి పాతిన ఎర్రజెండాల లోపల మనిషున్నాడని తెలిస్తే మాత్రం మూడో సైరన్ ఊదరు. అది వాళ్ళ రూలు." అటక మీంచి పాత టేపు కెమెరా, మూడుకాళ్ళ స్టాండు దించాడు. "మోపెడ్ మీద నలభై నిమిషాలు."

వద్దన్నాడు రూబెన్. ఆ వయసులో రాళ్ళ మధ్య ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారన్నాడు. నెహెమ్యా తాళం తీసుకున్నాడు.

"పెళ్ళి తీసింది నేనురా. దాని మీద ఎవడో చావు రాసిపెడితే చూస్తా కూచోనా? నువ్వు ఈసారైనా చివరిదాకా ఉండు."

రూబెన్ వాచీ తీసి, నందిగామ వైపు కదులుతున్న బస్సులో ఒకావిడ ఎండుమిర్చి గోతం సందులోకి దోపాడు. కృష్ణప్రియ ఫోనులో ఏజెంట్ రూబెన్ బుద్ధిగా సరెండరవడానికి పోతున్నాడు.

పన్నెండూ నలభైకి టోల్ గేటు దగ్గర జామకాయలు అమ్మేవాడు ఒకడు పెరిగాడు. తలపాగా, మాసిన లుంగీ. ఆరో లేన్ మొదట్లో కృష్ణప్రియ నల్ల కళ్ళద్దాలతో, చేతిలో కాగితాలతో నిలబడి ఉంది. పన్నెండూ నలభై అయిదుకి దూరంగా మొదటి సైరన్ మోగింది. రెండోది పన్నెండూ యాభై అయిదుకి. అప్పుడే రెండు కార్లూ లేన్‌లోకి వచ్చాయి. మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్ని ఆపిందామె.

కాల్చేవాడు ఎక్కడ? లారీలు, క్లీనర్లు, టీ తాగే డ్రైవర్లు. అంతా బూడిదరంగు దుమ్ము. రూబెన్ ఒక్కొక్క ముఖమే చూస్తూ పోయాడు. ఒంటిగంట. మూడో సైరన్ రాలేదు.

ఎవరూ గమనించలేదు. మధ్యాహ్నం సైరన్ రాలేదని ఈ ప్రాంతంలో ఎవడూ చెవులు రిక్కించడు. ఒక్కడు రిక్కించాడు. పక్కన ఆగిన సిమెంటు ట్యాంకరు పైన, గొట్టం బాగుచేస్తున్నట్టు బోర్లా పడుకున్నవాడు వాచీ చూసుకున్నాడు, క్వారీ వైపు చూశాడు, మళ్ళీ వాచీ చూసుకున్నాడు.

రూబెన్ జామకాయల బుట్ట వదిలేసి ట్యాంకరు నిచ్చెన పట్టుకున్నాడు.

కింద కారు డ్రైవర్ హారన్ కొట్టాడు. కృష్ణప్రియ ప్రేమదాసు గుర్తింపు కార్డు మూడోసారి తిరగేసింది. ఒంటిగంటా నాలుగు నిమిషాలు. నవ్వు పెదాల మీద ఎండిపోయింది. ఇక ఆపే వంక దొరకక మెల్లగా కళ్ళద్దాలు తీసింది. సైరన్ లేకపోయినా కాల్చెయ్యమని సైగ. గొట్టంలోంచి తుపాకి మొన బయటికొచ్చింది. అదే క్షణంలో రూబెన్ వాడి కాలు పట్టి లాగాడు.

గుండు టోల్ గేటు రేకులోంచి పోయింది. నిశ్శబ్దంలో పేలిన తుపాకికి వంద తలలు ఒకేసారి తిరిగాయి. డ్రైవర్లు, క్లీనర్లు ట్యాంకరు మీదికి ఎగబడ్డారు. మిగతా పని వాళ్ళే చూసుకున్నారు, కొంచెం ఎక్కువగానే. కృష్ణప్రియ తన కారెక్కి ఇంజన్ స్టార్ట్ చేసింది గానీ, గేటు కర్ర ఎత్తాల్సినవాడు బల్ల కింద దూరి ప్రార్థన చేసుకుంటున్నాడు.

రూబెన్ ఆమె కారు తాళం తీసుకున్నాడు.

"ఎలా తెలిసింది?" అంది. గొంతులో భయం లేదు, ద్వేషమే ఉంది.

"గోడ జోలికి పోకుండా ఉండాల్సింది."

"కల్యాణ్ కూడా గోడ గురించే అడిగాడు," అందామె. రూబెన్ చెయ్యి లేచింది. కొట్టకుండా దాన్ని దించడం ఆ రోజు చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది.

మూడూ ఐదుకి ప్రేమదాసు కోర్టు మెట్లెక్కాడు. రూబెన్ ఆయన చెయ్యి పట్టుకుని పైదాకా తీసుకెళ్ళాడు. కిందికి వచ్చి, చివరి మెట్టు మీద కూర్చుని, కల్యాణ్ కోసం అప్పుడు ఏడ్చాడు. సాయంత్రం వీరులపాడులో ప్రేమదాసుని దింపితే, ఆయన భార్య ఇద్దరికీ అన్నం పెట్టింది.

చీఫ్ నుంచి రెండు కాగితాలొచ్చాయి. ఒకటి మెచ్చుకోలు, ఒకటి మెమో. మెమోయే పొడుగ్గా ఉంది.

క్వారీ సెక్యూరిటీ గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టి, తిట్టి, నెహెమ్యాని వదిలేశారు. ఎర్రజెండాల మధ్య స్టాండు మీద ఆయన పెట్టుకున్న కెమెరా మొత్తం తీసింది. ఆ టేపు ఇప్పుడు ఫైల్లో సాక్ష్యం. గీతలు ఎక్కువగా ఉన్నాయి, శుభ్రం చేసి పంపమని ల్యాబ్‌కి వచ్చిన కొత్త ఆఫీసరు రూబెన్‌కి ఉత్తరం రాశాడు.

రూబెన్ వీడియో పెట్టి చూశాడు. జెండాలు ఊపుతూ వచ్చేవాళ్ళు, బూతులు తిడుతూ పరిగెత్తేవాళ్ళు, చెయ్యి పట్టి లాగబోయేవాళ్ళు, అందరి మీదా తల నుంచి కాలి దాకా దువ్వెన పళ్ళే. వాళ్ళ మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డ ముసలాయన మీద మాత్రం ఒక్క గీత లేదు.

శుభ్రం చేయాల్సిందేమీ లేదని రాసి, ఉన్నదున్నట్టే పంపించాడు.