ప్రతిగొంతు

పెర్త్‌లో ఉదయం పది గంటలు. నీటిశుద్ధి కేంద్రంలో పని మధ్యలో మేధ తన తల్లి దినకుశలం చదువుతోంది. కాకినాడ ఫ్లాటు గోడల్లో, నేలలో ఒదిగి ఉన్న కాపలా యంత్రం గృహరక్షి రోజూ పంపే నివేదిక అది. స్రవంతి ఐదున్నరకు లేచింది, మాత్రలు వేసుకుంది, నడక బాగుంది, గుండె బాగుంది. ఒక్కటే తేడా. వంటింటి పై అరలో డబ్బాలన్నీ కింది అరలోకి దిగాయి. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు.

అడిగితే ఏమీ లేదంటుంది. మామూలుగా స్రవంతి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి మూడు వారాలుగా ముక్తసరిగా మాట్లాడుతోందంటే మేధకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

నిజం తెలిసినది ఎవరైనా ఉంటే అది ప్రతిగొంతే. మేధ పనిలో ఉన్నప్పుడు అచ్చం ఆమె గొంతుతోనే తల్లికి కబుర్లు చెప్పే యంత్రం అది. పెద్దవాళ్లు దానితో చెప్పుకున్న మాటలు పిల్లలకు చేరకూడదని చట్టం. పైగా పలికేది కూతురో యంత్రమో, ఇంట్లో ఆ గొంతు వినిపించే గృహరక్షి చెప్పదు. చెబితే పెద్దలు దిగులుపడతారని తయారుచేసినవాళ్ల జాలి!

రోజూలా గద్దిస్తే లాభం లేదనుకుని ఆ రోజు మేధ తల్లిని మెత్తగా పలకరించింది.

స్రవంతి పద్దెనిమిదేళ్లు కాల్ సెంటర్లో పనిచేసిన మనిషి. అంత ఓపికగా, తీయగా మాట్లాడే గొంతు కన్నకూతురిది కాదని ఆమె గట్టి నమ్మకం. తేల్చుకోవడానికి, పొద్దున్నే ఆవకాయ అన్నంలో నెయ్యి దట్టంగా పోసుకు తిన్నానని చెప్పింది. బీపీ మనిషికి అదేం తిండని మేధకు ఒళ్లు మండింది. అయినా పళ్ల బిగువున ఆపుకుని, రుచిగా ఉందా అని అడిగింది.

"నువ్వేలే," అంది స్రవంతి తేలికపడి. "మా పిల్లయితే ఈపాటికి నా దుమ్ము దులిపేసేది."

తల్లి తనను యంత్రమనుకుంటోందని మేధకు అర్థమైంది. నేనేనమ్మా అనబోయింది. అంతలో స్రవంతి అందుకుంది.

"రొమ్ములో ఆ గడ్డ నిన్నటికంటే గట్టిపడిందే. చంకలో కూడా తగులుతోంది. డాక్టరమ్మ గురువారం రమ్మంది, ముక్క తీసి పరీక్షకి పంపుతుందట. నేను వెళ్లనులే. తెలిస్తే మా పిల్ల ఉద్యోగం వదిలేసి వచ్చేస్తుంది."

మేధ గోడకు ఆనుకుంది. భయం వేసింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. మూడు వారాలుగా ఈ సంగతి యంత్రానికి తెలుసు, తనకు తెలియదు. ఇప్పుడు తాను బయటపడితే అమ్మ మళ్లీ నోరు విప్పదు, గురువారం గడప దాటదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఇక్కడ ఒక్కటి చాలు.

"నేను తోడుంటాను, వెళ్దాం," అంది నిలకడగా.

నువ్వెలా వస్తావని స్రవంతి అడిగింది. ఫోను చెవిపూస పెట్టుకుంటే దారి పొడవునా, సూది గుచ్చేటప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంటానని మేధ చెప్పింది. స్రవంతి ఒప్పుకుంది.

"సరే, నువ్వయితే వెళ్తా. మా పిల్ల పక్కనుంటే దాని మొహం చూసి నా గుండె జారిపోతుంది. నీకు ఏడుపు రాదు కదా."

మేధ కళ్లు కారుతున్నా ముక్కు ఎగబీల్చలేదు. అటు వినపడుతుందని భయం.

"రాదు," అంది.