సరిపోలేదు గారు

మా ల్యాబ్ కిటికీ దగ్గర ఎవరు ఎంత గట్టిగా మాట్లాడినా నేను తల ఎత్తను. ఆ రోజు ఎత్తాల్సి వచ్చింది. మెడలో కొలతల టేపు వేసుకున్న ఒకమ్మాయి, నేను సంతకం పెట్టి పంపిన కాగితాన్ని అద్దానికి అదిమి పట్టుకుని నిలబడింది.

"'ముక్క సరిపోలేదు' అని రాసింది మీరేనా?"

నేనే. వాళ్ల నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. సూదితో తీసిన ముక్క మా దగ్గర మైనపు దిమ్మలో ఉంది. అందులో ఒక జన్యు మార్పు ఉందో లేదో తెలిస్తే, ఏ మందు పనిచేస్తుందో డాక్టరు చెప్పగలరు. కానీ మొదటి పరీక్షలకే ముక్క చాలావరకు అయిపోయింది. మళ్లీ సూది గుచ్చి తీయమని రాసేశాను. మొదటిసారికే ఆయన వారం రోజులు మంచం దిగలేదట. మళ్లీ గుచ్చడం కుదరదని డాక్టరు చెప్పేశారట. ఇక మందు గుడ్డిగా ఎంచుకోవాల్సిందే.

ఎలా కోస్తారో చెప్పమంది. విసుగ్గానే చెప్పాను. దిమ్మను మెషీన్‌కి బిగించి, పై పొరలు చెక్కి చదును చేసి, వెంట్రుక కన్నా పలచని పొరలు తీస్తాం. ఒక్కో పరీక్షకు ఒక్కోసారి బిగిస్తాం.

"బిగించినప్పుడల్లా చదును చేస్తారా? ఆ పొరలేం చేస్తారు?"

"పారేస్తాం."

ఆమె నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "నేను టైలర్‌నండీ. కస్టమర్ గుడ్డని అలా పారేస్తే నా షాపు ఎప్పుడో మూతపడేది. ఏమేం కావాలో అన్నీ ముందే చూసుకుని ఒక్కసారే కత్తెర పెడతాను. ముక్క సరిపోక కాదు, 'సరిపోలేదు' గారూ. మీకు కోయడం రాక."

వెనకాల ల్యాబంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆమె చెప్పింది నిజమని తెలిశాక ఇంకా మండింది.

మర్నాడు, మిగిలిన ముక్కను ఒక్క పొరా పారేయకుండా కోస్తానంటే, మా ల్యాబ్ మేడమ్ రూల్ ఒప్పుకోదన్నారు. చదును చేసిన పొరలు పారేయాలని ఏ రూల్‌లో ఉందో చూపించమన్నాను. ఆరేళ్ల ఉద్యోగంలో నేను ఎదురు మాట్లాడటం అదే మొదలు. పాడైతే పూచీ నీదే అని దిమ్మ నా చేతిలో పెట్టారు. ఒక్కసారే బిగించి, మొదటి పొర కూడా వదలకుండా, ఊపిరి బిగబట్టి కోశాను. పదకొండు పొరలొచ్చాయి, పరీక్షకు సరిపడా.

రిపోర్టుకు పన్నెండు రోజులు పడుతుందని చెబితే, సరేనని రోజూ వచ్చింది. నా కోటుకు గుండీ లేదని రెండో రోజు దెప్పింది. మూడో రోజు కోటు విప్పించి కుట్టింది. నాలుగో రోజు నేనే ఇంకో గుండీ తెంపుకున్నాను.

రిపోర్టులో 'పాజిటివ్' అన్న మాట చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఇక్కడ పాజిటివ్ అంటే మంచి కబురండీ," అన్నాను. "దీనికి మాత్ర ఉంది."

ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదా అని నన్ను తిట్టి, తను ఏడ్చింది.

జబ్బు పూర్తిగా పోదు, అణిగి ఉంటుంది, ఎన్నాళ్లో చెప్పలేం అన్నారు డాక్టరు. మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకు వాళ్ల నాన్న మెట్లెక్కి షాపుకొచ్చి కుట్టు మిషన్ ముందు కూర్చున్నారు. ఆ వారమే నేను సరిపోతానా అని ఆమెను అడిగాను. కొంచెం సరిచేసుకుంటే సరిపోతారంది.

సంగతి తెలిసి వాళ్ల మేనత్త పరుగున వచ్చింది. అన్నయ్య ఉండగానే, ఈ నెల్లోనే పెళ్లి కానిచ్చేయాలంది. షాపులో అందరూ తలలు దించుకున్నారు. కత్తెర పక్కన పెట్టి ఆమె లేచింది.

"క్యాన్సర్ పెట్టిన తేదీకి నేను పెళ్లి చేసుకోను అత్తా. వచ్చే ఏడాది, మాకు వీలైనప్పుడు చేసుకుంటాం."

మేనత్త వాళ్ల అన్నయ్య వైపు చూసింది. ఆయన నెమ్మదిగా లేచి, కూతురి ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డారు.

"అయితే నా కొలతలు తీసుకో. కోటుకు లోపల గుడ్డ బాగా వదిలి కుట్టు. వచ్చే ఏడాదికి ఒళ్లు చేస్తాను. ఆ రోజు అల్లుడు నన్ను చూసి సరిపోలేదనకూడదు."