రాహేలు ఎంచిన డ్రమ్ముసెట్టు

"కొనేటోళ్లు మెల్లగ కొడ్తరన్నా. గిట్ల బాదేటోళ్లు కొనరు."

మాట పూర్తిచేసి ఆ అమ్మాయి వరసగా తుమ్మింది. అంతకు ముందే దుకాణంలోని పెద్ద డ్రమ్ము మీద దేవదానం ఒక్క దెబ్బ వేశాడు. దాని మీది దుమ్మంతా ఆమె మీద పడింది.

దేవదానం బస్సు డిపోలో ఫిట్టరు. ఇద్దరు దోస్తులతో కలిసి పెళ్లిళ్లలో వాయించే పార్టీ పెట్టాడు. డ్రమ్ముల కోసం ఉస్మాన్‌గంజ్‌లో బుచ్చయ్య దుకాణానికి వచ్చాడు. తాను వాయించే ఫౌజు బ్యాండు రద్దయ్యాక బుచ్చయ్య పాత వాద్యాలు కొని అమ్ముతున్నాడు. ఈ తుమ్ముల పిల్ల ఆయన కూతురు రాహేలు.

"గా ఎర్ర సెట్టు కావాలె," అన్నాడు దేవదానం, తళతళలాడే విలాయతీ డ్రమ్ములను చూపించి.

"బడ్జెట్ ఎంత?"

జేబు సంగతి చెప్పాడు.

"గా పైసలకు దాని స్టూలు వస్తదన్నా."

"నేను డిపోల పర్మనెంట్!"

"స్టూలు గూడ పర్మనెంటే."

అతనికి ఒళ్లు మండింది. అయినా కాళ్లు కదల్లేదు.

"మీ పార్టీల ఇంకేం వాయిస్తరు?" అని అడిగింది.

"వయొలిన్, క్లారినెట్."

"మరి గింత పెద్దది మోగితె వయొలిన్ ఎవరికి వినొస్తది? సెట్టుకు సెట్టు కొనకు. మధ్యరకం బేస్ డ్రమ్ము, ఒక చిన్న డ్రమ్ము, పైన ఒక సింబల్, గదే ఇత్తడి పళ్లెం, చాలు. ఎక్కువ పైసలు సింబల్ మీద పెట్టు. తోలు పాడైతె మార్చుకోవచ్చు. ఇత్తడి గొంతు పాడైతె మారదు."

ఆ రోజు బేస్ డ్రమ్ముతో రిక్షా ఎక్కాడు. మరుసటి శనివారం చిన్న డ్రమ్ము కోసం వచ్చేసరికి వాన దంచికొడుతోంది. చెమ్మకు తోలు వదులై, డ్రమ్ము జలుబు చేసినట్టు మోగింది. రాహేలు కుంపటి రాజేసింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తోలు కాచారు.

"జర పైకి లేపు. కాలుతది," అంది రాహేలు.

ఈసారి 'అన్నా' అని పిలవలేదు. దేవదానం వానకు మనసులోనే సలాం కొట్టాడు.

ఆ తర్వాత మొదలైంది సింబల్ గోల. ఆమె మొదట ఇచ్చింది రేకు డబ్బాలా మోగింది. మార్చి ఇచ్చింది. అది బాగానే మోగింది కాని, "గిది గూడ బాగలేదు," అని తెచ్చేశాడు. ఇంకొకటి ఇచ్చింది. మరో శనివారం దాన్నీ వాపసు తెచ్చాడు. వానలు పోయి చలి వచ్చింది, ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

చివరకు బుచ్చయ్యకు రోషం వచ్చింది. ఒక శనివారం వాపసు వచ్చిన సింబళ్ల సంచి కూతురి చేతికిచ్చి, సైదాబాద్‌లో దేవదానం ఇంటికే వచ్చి పడ్డాడు.

"నా సామాన్ల లోపమా? ఏది, చూపియ్!"

తనే అన్నీ వాయించి చూశాడు. మొదటి రేకు డబ్బా తప్ప అన్నీ కంచు గంటల్లా మోగాయి.

"లోపం వానిదే," అంది దేవదానం తల్లి ఆగమ్మ. "శనివారం వస్తె తలకు నూనె పెట్టి, పొద్దుందాక అద్దం ముంగటనే ఉంటడు."

బుచ్చయ్య కళ్లు చిన్నవయ్యాయి. "నచ్చకపోతె సెట్టు వాపసియ్. నీ పైసలు నీకిస్త. మళ్ల నా దుకాణం మెట్లెక్కకు."

వచ్చే వారమే పార్టీ మొదటి పెళ్లి. డ్రమ్ములు లేకపోతే ముందుగా తీసుకున్న బయానా సొమ్ము వాపసు, దోస్తుల ముందు నవ్వులపాలు. కాని దేవదానానికి వినపడింది చివరి మాట ఒక్కటే.

"లోపం లేదు," అన్నాడు, నేల చూస్తూ. "అబద్ధం చెప్పిన. సింబల్ మంచిగుంటె మీ దుకాణానికి వచ్చే పని ఉండదని."

రాహేలు గొంతు సవరించుకుంది.

"నాయినా, నేను గూడ... అన్నిట్ల మంచి సింబల్ బస్తాల వెనుక దాచిన. గది ఇస్తె సెట్టు పూర్తయితది. ఈయన మళ్ల రాడు."

బుచ్చయ్య అతన్ని చూశాడు, ఆమెను చూశాడు. కోపం తెచ్చుకోబోయి నవ్వేశాడు.

"ఏం అక్కా, పాస్టరుగారితోని మాట్లాడుదామా?"

"మాట్లాడుదాం గని," ఆగమ్మ బుగ్గన వేలుంచుకుంది, "పెండ్లికొడుకు వీడే అయితె డ్రమ్ములు ఎవరు కొడ్తరు?"

"నేను సచ్చిన్నా?" అంటూ బుచ్చయ్య కోటు విప్పి, మూలనున్న డ్రమ్ముల ముందుకు స్టూలు లాక్కుని, ఫౌజు కవాతు దరువు అందుకున్నాడు. కిటికీ రెక్కలు గడగడలాడాయి. గల్లీ పిల్లలంతా గుమ్మంలో చేరారు.

ఆ మోతలో దేవదానం ఏదో అన్నాడు. వినపడలేదన్నట్టు అడ్డంగా తల ఊపి, రాహేలు దగ్గరికి జరిగింది.