లైసెన్సు మీది పేరు

తార్నాకలో ఆ వీధిని నిద్ర లేపేది కోడికూత కాదు, ఉప్పలమ్మ గొంతు. ఆ రోజు కూడా పొయ్యి మీద చాయ్ పొంగిపోతున్నా పట్టించుకోకుండా, వెనక గది వైపు చూస్తూ మొగుడితో మాట్లాడుతోంది.

"ఐతారం గోల్నాక నుంచి అక్క తమ్ముడు వస్తనన్నడు. బట్టలు మూట కట్టుకొమ్మని నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

ఇన్నయ్య గడప మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా యూనివర్సిటీ జీపు నడుపుతున్నాడు. గేర్లు మార్చీ మార్చీ ఎడమ భుజం అరిగిపోయింది, పొద్దున్నే లేస్తే ఆ చెయ్యి తనది కానట్టు ఉంటుంది. జీపు అలిసిపోతే షెడ్డులో పెడతారు. డ్రైవరును పెట్టడానికి షెడ్డు లేదు.

"నిన్నే. నువ్వు ఆర్నెల్లు దేశంల ఉండవాయె. సమ్మక్క తొలి కాన్పుకొస్తది. ఉన్నయి రెండే అర్రలు. బాలింతను యాడ పండవెట్టాలె? ఆమె దగ్గుకుంట ఉంటే పసిపిల్ల పండుతదా?"

"మెల్లగ మాట్లాడు. వదిన వింటది."

"వినాల్ననే అంటున్న."

వెనక గదిలో దగ్గు వినిపించింది. రాములమ్మ విన్నది. ఆమె ఇన్నయ్యకు అన్న భార్య. అన్న పోయి ఇరవై ఒక్క ఏళ్ళు. పిల్లల్లేరు. అప్పటినుంచీ మరిది పంచనే ఉంటోంది. ఇన్నయ్య కూతురు సమ్మక్కను పెంచింది ఆమే, నిరుడు మౌలాలికి కాపురానికి పంపుతుంటే తల్లికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆమే.

ఉప్పలమ్మ చెడ్డదని అనుకోకండి. పదిహేడేళ్ళు ఇరుకింట్లో సర్దుకుని సర్దుకుని విసిగిపోయింది, అంతే. విసుగు ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే చుట్టంలా రెండు రోజులుండి పోదు. తిష్ట వేస్తుంది.

ఇన్నయ్యకు ప్రయాణం తగిలింది కూడా విచిత్రంగానే. డ్రైవర్లంతా 'రాళ్ళ సారు' అని పిలుచుకునే జియాలజీ ప్రొఫెసరుగారు కెన్యా దేశంలో ఆరు నెలలు కొండలు సర్వే చేయబోతున్నారు. జీపు అక్కడివాళ్ళే ఇస్తారట. డ్రైవరు మాత్రం తన మనిషే కావాలని పట్టుబట్టారు. "పదేళ్ళలో నన్ను ఒక్క గుంటలో పడెయ్యని మనిషి వీడొక్కడే" అన్నారట. ఆ మాట విన్న రోజే ఉప్పలమ్మ వీధి వీధంతా చెప్పి వచ్చింది. 'మా సమ్మక్క నాయిన ఇమానమెక్కుతుండు' అని.

పేరు మాత్రం చెప్పదు. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా. రేషను షాపులో పేరడిగితే పక్కావిడను మోచేత్తో పొడిచేది. రాములమ్మ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. చనిపోయిన భర్తను 'పెద్దాయన' అనడమే తప్ప పేరెత్తగా ఎవరూ వినలేదు. ఏటా పెత్రమాస నాడు, పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చేటప్పుడు కూడా అంతే. "పేరు చెప్పమ్మా" అని ఆయన అడగడం, "లేకుండనే తీసుకోండ్రి" అని ఈమె తల వంచుకోవడం ఆనవాయితీ అయిపోయింది. అన్నింట్లోనూ తగవులాడుకునే ఆ యారాండ్లిద్దరూ ఈ ఒక్క మర్యాదలోనే ఒక్కటి.

* * *

కాగితాల పని ఆఫీసులో ఆనందరావుది. తెనాలి వైపు మనిషి, ఇన్నయ్య వాళ్ళ వీధి చివరే ఉంటాడు, ఆదివారం చర్చి తప్పడు. పని పట్టుకుంటే కొస చూసేదాకా వదలడు. అక్కడే వచ్చింది చిక్కు.

"ఇదుగో ఇన్నయ్యా, వినవయ్యా. ఇక్కడి లైసెన్సు అక్కడ ఊరికే చెల్లదు. దీన్ని చూపిస్తే మోటారు సంఘంవాళ్ళు చిన్న పుస్తకం ఇస్తారు. ఇంటర్నేషనల్ పర్మిట్టు. ఏడాది పనిచేస్తుంది. ఆ పుస్తకం ఒక్కటే ఉన్నా లాభం లేదు, అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాల్సిందే. ఇది తల్లి, అది పిల్ల. ఏదీ, తెచ్చావా?"

"యాది మరిచిన సార్."

మూడు రోజులు అదే జవాబు. నాలుగో రోజు రాళ్ళ సారే స్వయంగా కేకేసేసరికి ఇన్నయ్య జేబులోంచి తీయక తప్పలేదు. నిజాం జమానాలో ఇచ్చిన లైసెన్సు అది. గుడ్డ అట్ట, ఫోటో లేదు. మొదటి పేజీ అంతా ఉర్దూ. ఆ తర్వాత పేజీలన్నీ ఏటేటా రెన్యువల్ ముద్రలే. మొదటి పేజీని ఇన్నేళ్ళలో ఎవరూ చదివిన పాపాన పోలేదు.

ఆనందరావు దాన్ని ఒకసారి తలకిందులుగా కూడా పట్టుకు చూశాడు. "నాకు ఒక్క ముక్క రాదు. లైబ్రరీలో మున్షీగారి చేత ఇంగ్లీషులో రాయిస్తాను."

"అవసరమా సార్?"

"ఆఫ్రికావాడికి ఉర్దూ వస్తుందా ఏంటి? ఇటివ్వు."

ఇన్నయ్య వేళ్ళు పుస్తకాన్ని వదల్లేదు. ఆనందరావు రెండుసార్లు లాగవలసి వచ్చింది. అలవాటైన వస్తువు కదా, బెంగ కాబోలు అనుకున్నాడు ఆ అమాయకుడు.

* * *

శనివారం సాయంత్రం ఆనందరావు కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఉప్పలమ్మ పీట వేసి, చాయ్ ఇచ్చి, కొంగు సర్దుకుని గోడవారగా నిలబడింది. వెనక గది గడపలో రాములమ్మ రెండు చీరెలు, ఒక దుప్పటి మూట కడుతోంది.

"సంతకం ఒక్కటి పెట్టావంటే సోమవారం టపాలో పంపేస్తా. ముందు చదువుతా విను. పేరు ఇన్నయ్య. తండ్రి మల్లయ్య. వయసు లెక్కన ఇప్పటికి యాభై నాలుగు. ఏంటయ్యా, నలభై అయిదు దాటినట్టు కూడా కనబడవు!"

ఉప్పలమ్మ కిసుక్కున నవ్వింది. "దఫ్తరోళ్ళు ఎన్నడు సక్కగ రాసిన్రు సార్?"

"గుర్తింపు: ఎడమ చేతి చిటికెన వేలు సగం లేదు."

ఆనందరావు అలవాటుగా తలెత్తి చూశాడు. ఇన్నయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి. వేళ్ళు పదీ నిక్షేపంగా ఉన్నాయి.

ఇన్నయ్య చేతులు దాచుకోలేదు. దాచుకునే ఓపిక అయిపోయినవాడిలా కూర్చున్నాడు.

"మున్షీగారి చేత రెండుసార్లు చదివించాను" అన్నాడు ఆనందరావు మెల్లిగా. "పైన రాసినవన్నీ నిజమని కింద నువ్వు సంతకం పెట్టాలి. ఈ వేలు ఎవరిదయ్యా?"

"మా ఇంటాయనది సార్."

అన్నది రాములమ్మ. మూట వదిలేసి గడపలో నిలబడింది.

"లారీ తలుపుల వడి తెగింది. నా పెండ్లప్పటికే లేదు."

"మతి వోయిందా అక్కా? అది సమ్మక్క నాయిన కాయితం!" ఉప్పలమ్మ గొంతు లేచింది.

"మతి బాగనే ఉన్నది. కాయితం మీదిది మా ఆయన పేరు. ఇరవై ఒక్క ఏండ్ల నుంచి నీ మొగుడు మోస్తుండు."

ఇన్నయ్య అప్పుడు నోరు విప్పాడు. నేల చూస్తూనే చెప్పాడు. "అన్న లారీ నడిపేటోడు. నేను క్లీనర్ని. ఆయన నేర్పిన చెయ్యే నాది. యూనివర్సిటీల నౌకరికి అర్జీ వెట్టిండు. ఇంతల కలరా వచ్చి రెండు దినాలల్ల పాయె. పదకొండో దినం నాడు కాయితమొచ్చింది, వచ్చి డ్యూటీల చేరుమని. నాకు లైసెన్సు లేదు. ఇంట్ల గింజ లేదు."

"నేనే పొమ్మన్న" అన్నది రాములమ్మ. "పుస్తకం వీని చేతుల వెట్టి, పో చిన్నోడా, అన్న పేరుతోని పో అన్న. తప్పే. గని ఆ పొద్దు ఆకలి తప్ప వేరేది కానరాలె సార్."

అందుకే వాళ్ళు మళ్ళీ సొంతూరి మొహం చూడలేదు. ఉప్పలమ్మను చేసుకున్నది నాలుగేళ్ళ తర్వాత, ఎవరూ ఎరగని దూరపు ఊరి నుంచి. ఆమెకు ఇదంతా ఇప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతోంది.

"నా లగ్గం నాడు అయ్యగారు చదివింది ఆ పేరే" అంది గోడకు ఆనుకుని. "నిరుడు సమ్మక్క శుభలేఖ మీద అచ్చేసింది ఆ పేరే. ఇన్నేండ్లు నోట అనకుండ దాచుకున్న గద, ఎవలి పేరు దాచుకున్న? మరి... నీ పేరేంది?"

పదిహేడేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి అడగాల్సిన ప్రశ్న కాదది. ఆనందరావు చాయ్ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"లక్ష్మీనర్సయ్య." పలికి ఎన్నాళ్ళయిందో, సొంత పేరు దగ్గరే అతని నాలుక తడబడింది.

"మీరిద్దరొక్కటి. నేనొక్కదాన్నే పరాయిదాన్ని" అని ఉప్పలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆనందరావు లేచాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లైసెన్సులో ఉంచి, పీట మీద పెట్టాడు. "దీని మీద నువ్వు సంతకం చేస్తే నేను టపాలో వేయలేను. దేవుడికి జవాబు చెప్పుకోవాలి. నన్నెవరూ అడగకుండా మీ ఇంటి మాట బయట చెప్పను కూడా. కెన్యా సంగతి ఏం చేస్తావో నువ్వే చెప్పు."

"నేను పోను సార్. అరువు సొమ్ములు బరువు చేటన్నరు. ఈ ఒక్క అబద్ధాన్ని తార్నాక నుంచి యూనివర్సిటీదాక నడుపుటానికే పాణం వోయింది. దీన్ని సముద్రం దాటించేటంత ఓపిక నాకు లేదు. రాళ్ళ సారుకు నేనే చెప్పుకుంట, భుజం నొస్తుందని. అది అబద్ధం గాదు."

ఆ పూట ఉప్పలమ్మ పొయ్యి ముట్టించలేదు. రాములమ్మ మూట కట్టడం పూర్తి చేసి, "రేపు పొద్దుగాల పోత తియ్యి బిడ్డా. నీకు ఇరుకు గావద్దు" అంది. ఉప్పలమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

* * *

తెల్లవారితే ఆదివారం, పెత్రమాస. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ కూడా కావడంతో వీధిలో ఆడపిల్లలు గునుగు, తంగేడు పూలు బుట్టలకెత్తుకుని పోతున్నారు. రాములమ్మ తలస్నానం చేసి, చేటలో బియ్యం, సొరకాయ, చింతపండు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. పక్కనే మూట. బియ్యం ఇచ్చి అటే తమ్ముడితో వెళ్ళిపోదామని.

ఉప్పలమ్మ ముగ్గు వేస్తూ వేస్తూ ఆగింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఒకటి అడుగుత. ఏటేట అయ్యగారికి పేరు చెప్పకపోతివి. మొగుని పేరు తియ్యొద్దనేనా?"

"అది పైకి."

"మరి లోపట?"

రాములమ్మ చేటలో బియ్యం సర్దింది. "ఆ పేరు మీద నీ మొగుడు తిరుగుతుండు గద. సచ్చినోళ్ళకిచ్చే బియ్యం మీద ఆ పేరు చెప్తే, నీ పుస్తెలకేమైతదో అని భయం. నా మొగుడు పోనే పోయిండు. ఆయనకు ఇన్ని బియ్యం అందకుంటేంది? నీ మొగుడు సల్లగుండాలె గద."

ఉప్పలమ్మ చేతిలోని ముగ్గు చిప్ప కింద పడింది. ఇరవై ఒక్క పెత్రమాసలు. ఆ పెద్దాయనకు ఒక్క ఏడు కూడా పేరు పెట్టి పిడికెడు బియ్యం ముట్టలేదు. తను తిన్న ప్రతి ముద్దా ఆయన పేరు మీద వచ్చిందే. ఆయన భార్యను పట్టుకుని, ఇరుకైంది పొమ్మంది తను. తన నోరు తనకే చేదనిపించింది.

అప్పుడే అయ్యగారు వచ్చి సంచీ విప్పాడు. గొంతులో అలవాటైన నీరసంతోనే అడిగాడు. "ఎవరి పేరు మీదనమ్మా? ఈ ఏడన్నా చెప్తవా?"

"మీకు తెలుసు గదా అయ్యగారు. లేకుండనే..."

"ఇన్నయ్య."

రాములమ్మ ఉలిక్కిపడి తిరిగి చూసింది. గడప లోపల గడ్డం గీసుకుంటున్న మనిషి కత్తి పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

ఉప్పలమ్మ వచ్చి యారాలి పక్కన కూర్చుంది. చేట అంచు తనూ పట్టుకుంది. "ఇన్నయ్య అని రాసుకోండ్రి అయ్యగారు. మా పెద్ద బావ. లారీ నడిపేటోడు. అక్క పేరు తియ్యొద్దు, ఆమె మొగుడాయె. నేను తియ్యొచ్చు. నా మొగుని పేరు అది గాదు."

"వద్దే ఉప్పలీ... నీ పుస్తెలు..."

"నా పుస్తెలు కట్టినాయన పేరు వేరే ఉన్నది. అది నేను చెప్ప. ఈ పేరు మాత్రం ఎన్నిసార్లన్న చెప్త."

అయ్యగారు ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడగకుండా కళ్ళు మూసుకుని ఆ పేరు పలికి, బియ్యం సంచీలో పోసుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత తన భర్త పేరు తన భర్తకే చెందడం విని రాములమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తుంటే ఉప్పలమ్మ ఓదార్చలేదు, తనూ ఏడ్చింది. లోపల లక్ష్మీనర్సయ్య సగం గీసుకున్న గడ్డంతో గోడకు ఆనుకుని, అన్న పోయిన నాడు ఏడవకుండా దాచుకున్నదంతా ఏడ్చాడు.

ఎండెక్కాక గోల్నాక నుంచి రాములమ్మ తమ్ముడు రిక్షా మాట్లాడుకుని వచ్చాడు. వాకిట్లో మూట కోసం చూశాడు. కనబడలేదు. ఉప్పలమ్మ దాన్ని ఎప్పుడో విప్పేసి, చీరెలు వెనక గది దండెం మీద వేసేసింది.

"అక్క తయారైందా చిన్నక్కా?"

"అక్క యాడికి వస్తది?" అంది ఉప్పలమ్మ, చాయ్ గ్లాసు అతని చేతికిస్తూ. "సమ్మక్క కాన్పుకొస్తుంది. బాలింతను ఎట్ల సూడాల్నో నాకేం ఎరుక? నువ్వు రిక్షాను పంపియ్యి. అన్నం తిని పో."