నలభై ఒకటో ట్యూబు

కరుణ నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట తిట్టే.

"గ్లోవ్స్ ఏవండీ? మీరు ల్యాబ్ టెక్నీషియనేనా అసలు?"

పాలకీడు దగ్గర మా మందలో ఒక గొర్రె ఈనలేక తన్నుకుంటుంటే, ఉత్త చేతులతో పిల్లను లాగి గడ్డి మీద వేశాను. తలెత్తేసరికి ఎదురుగా తెల్ల కోటు, చెప్పులనిండా బురద, కళ్లనిండా కోపం. అంత అందమైన కోపాన్ని నేనెప్పుడూ చూడలేదు. చేతులు మాత్రం వెనక్కి దాచుకున్నాను.

"మా తాతల కాన్నుంచి గిట్లనే తీస్తున్నం మేడం."

"అందుకే మీ తాతల కాలం నుంచీ ఈ జ్వరాలు," అంది.

ఆమెది కోదాడ. టీచరు గారి అమ్మాయి. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లోసిస్ మీద ఆమె పరిశోధన. ఆ పేరు నోరు తిరగక మావాళ్లు 'మంద జరం' అనేశారు. మంద దగ్గరే, ఒక్క చుక్క రక్తంతో ఆ జబ్బును పట్టిచ్చే వేలెడు టెస్ట్ పట్టీ ఒకటి వాళ్ల ల్యాబ్‌లో తయారైంది. అది నిజంగా పనిచేస్తుందా లేదా అని, సూర్యాపేట ల్యాబ్‌లో పెద్ద పరీక్షతో పోల్చి తేల్చడం ఆమె పని. ఆరోజు ఆమె వచ్చింది నన్ను ఆ పనిలో పెట్టుకోవడానికే. కోదాడలో డిప్లొమా చదివి అక్కడే ఒక ల్యాబ్‌లో చేశాను, రక్తం తీయడం వచ్చు, గొర్రెలు కాసే ఇంటివాణ్ని. ఇంకేం కావాలి?

"పీహెచ్‌డీ అంటే పుస్తకాల పని గదా మేడం, ఈ పెంట తొక్కుడేంది?" అని ఒకసారి అడిగాను.

"నేరేడుచర్ల షేర్ ఆటో చూశారుగా? ల్యాబ్‌లో కనిపెట్టింది ఇక్కడికి చేర్చాలి. ఇక్కడి బాధని ల్యాబ్‌కి చేర్చాలి. నేను ఆ ఆటోని."

"మరి నేను?"

"డ్రైవర్ పక్కన సగం సీటు మీద వేలాడే ప్యాసింజర్," అని నవ్వింది.

సగం సీటైనా చాలనుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నవ్వేది కాదు. రక్తం తీసేముందు ప్రతి మనిషికీ ఒప్పంద పత్రం మొత్తం చదివి వినిపించాలి. 'ఇష్టం లేకపోతే, ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు' అనే వాక్యం దగ్గర ఆగి, వాళ్ల మొహంలోకి చూడాలి. వాళ్లు "నాకు సమజైంది, నా ఇష్టంతోనే ఇస్తున్న" అనాలి. అప్పుడే సూది.

నాలుగు ఊళ్లలో నలభై ట్యూబులయ్యాయి. ఐదోది మా ఊరు.

మా మందల్లో ఒక పద్ధతుంది. మంద కదలాలన్నా, గొర్రెలకు మందు తాగించాలన్నా ముందు పెద్దమనిషి మందతోనే మొదలు. ఆ పెద్దమనిషి మా నాయిన చంద్రయ్య. ఆయన ఇవ్వనిదే ఇంకెవరూ చెయ్యి చాపరు. ఆయనకేమో అప్పటికే ఐదు నెలలుగా జ్వరం. వస్తుంది, పోతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి, నడుము పట్టేస్తుంది. పరీక్ష అందరికంటే ఆయనకే అవసరం.

"నేనియ్య," అన్నాడు. "మా అన్న మల్సూర్ నెత్తురిచ్చిన మూన్నాళ్లకే పాయె. నా ఒంట్ల నెత్తురున్నదే జర్రంత."

బతిమాలాను. కాళ్లు పట్టుకున్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగు ఊళ్లను ఒప్పించిన మొనగాణ్ని, కన్నతండ్రిని ఒప్పించలేకపోయానని కరుణకు ఏ మొహంతో చెప్పను? బయట దొడ్డి దగ్గర జనం నిలబడి ఉన్నారు. ఆమె పెట్టెలో ఐసు కరిగిపోతోంది. నా ఎడమ చేతికి నేనే సూది గుచ్చుకున్నాను. ట్యూబు మీద నలభై ఒకటి అని వేశాను. రిజిస్టరులో చంద్రయ్య అని రాశాను. వేలిముద్ర కూడా నాదే పెట్టాను.

బయటికొచ్చి, "మా నాయిన ఇచ్చిండు," అన్నాను. అంతే. ముప్పై తొమ్మిది మంది చేతులు చాపారు.

"మీ నాన్నగారు కూడా ఇచ్చారా! మీరు లేకపోతే ఈ పని అయ్యేది కాదు శ్రీనాథ్ గారూ," అంది కరుణ. ఆ మాట కోసమే ఇంత చేశాను. తీరా వచ్చాక మింగుడు పడలేదు.

ట్యూబుల మీద నంబర్లే ఉంటాయి, ఎవరిదేదో పరీక్ష చేసేటప్పుడు ఆమెకు తెలియదు. నెల తర్వాత పేర్లు విప్పి చూసుకుని, కాగితం పట్టుకుని పరుగున మా ఇంటికొచ్చింది.

"అమ్మా, మీ ఆయనకి మంద జ్వరం లేదు!"

మా అమ్మ బుచ్చమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టింది. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. ఆమె సంతోషం చెడగొట్టలేకపోయాననుకున్నాను. అది కాదు, భయపడ్డాను.

ఇంకో నెల తిరిగేసరికి నాయిన లేచి నిలబడలేకపోయాడు. మిర్యాలగూడలో ఒక దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు నడుము నొక్కి చూసి అడిగాడు.

"గొర్రెల్లో ఉంటారా? బ్రూసెల్లా పరీక్ష చేయించారా?"

"చేపిచ్చినం సారూ, లేదన్నరు. నా కొడుకే తీసిండు నెత్తురు," అంటూ అమ్మ కొంగు ముడి విప్పి కాగితం ఇచ్చింది.

డాక్టరు చదివి పక్కన పెట్టాడు. "అయితే అది కాదు. వెన్నులో గడ్డేమో. హైదరాబాద్ తీసుకెళ్లండి. ఆపరేషన్ పడొచ్చు."

నాయిన నావైపు చూశాడు. తాను నెత్తురు ఇవ్వలేదని ఆయనకు తెలుసు. అయినా నలుగురిలో నా పరువు తీయలేదు. ఆ చూపుకు నా ప్రాణం చచ్చిపోయింది.

"సార్, ఆ కాగితం తప్పు," అన్నాను. "ఆ నెత్తురు నాది."

అమ్మ నా చెంప మీద కొట్టింది. నాయిన మాత్రం మెల్లగా అన్నాడు. "నా భయానికి నువ్వు అబద్ధమాడినవ్. ఇగ నేను భయపడ. కానీ ముందుగాల పోయి ఆ పిల్లకు జెప్పు. ఆమె వస్తే ఇప్పుడే చెయ్యి చాపుత."

సూర్యాపేటలో బస్సు దిగేసరికి వాన. ల్యాబ్ గుమ్మంలో నీళ్లోడుతూ నిలబడి, మొత్తం చెప్పేశాను. కరుణ కుర్చీలోంచి లేవలేదు.

"నువ్వు చెప్పిన మాట నమ్మి ఎంతమంది ఇచ్చారు?"

నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. ఆ పిలుపు కోసం నెలల తరబడి ఎదురుచూశాను. ఇలా వస్తుందనుకోలేదు.

"ముప్పై తొమ్మిది మంది."

ఫ్రిజ్ తెరిచి ఆ ట్యూబులన్నీ బల్ల మీద పెట్టింది.

"నాదొక్కటి తీసేస్తే సరిపోదా మేడం?"

"వాళ్లు మీ నాన్న ఇచ్చాడని ఇచ్చారు. ఆయన ఇవ్వలేదు. ఇంక వీటిలో నేను వాడుకోదగ్గది ఏముంది? వచ్చే నెల మా పరిశోధన కమిటీ ముందు ఇదే చెప్తాను. ఆర్నెల్లు వెనక్కి పోతాను, పోనీ." ట్యూబుల్ని ఒక పక్కకు నెట్టింది. "మీ ఆయనకి జబ్బు లేదని మీ అమ్మతో చెప్పింది నేను శ్రీనాథ్. నా నోటితో చెప్పాను."

"మీ ముందల చిన్నబోవద్దని..."

"నా ముందు గొప్పగా కనపడటానికి కన్నతండ్రిని చావు దాకా తీసుకుపోయావా?"

 

కళ్లు తుడుచుకుని పెట్టె సర్దుకుంది. "పద మిర్యాలగూడ. ఇంక ఈ ప్రాజెక్టులో నువ్వు సూది ముట్టుకోవద్దు."

ఆ సాయంత్రమే ఆమె నాయిన మంచం పక్కన కూర్చుని కాగితం మొత్తం చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగింది. "నాకు సమజైంది బిడ్డా, నా ఇష్టంతోనే ఇస్తున్న," అన్నాడు నాయిన. నేను వరండాలో గోడకానుకుని విన్నాను.

పట్టీలోనూ, పెద్ద పరీక్షలోనూ ఒకటే తేలింది. మంద జ్వరమే. నెలల తరబడి మందులు మింగాడు. ఆపరేషన్ మాట మళ్లీ రాలేదు.

నేను కోదాడలో పాత ల్యాబ్‌లో చేరిపోయాను. ఫోన్ చేసే మొహం నాకు లేదు. ఆమె చేయలేదు.

మూడు నెలలకు, మబ్బు పట్టిన ఒక పొద్దున, కరుణ మా దొడ్డికి మళ్లీ వచ్చింది. సూది పట్టడానికి శ్రీజ అనే కొత్తమ్మాయి వచ్చింది. కబురు తెలిసి కోదాడ నుంచి వచ్చి, నేను కంచె అవతల నిలబడ్డాను. నాయిన కర్ర పట్టుకుని లేచాడు.

"ఆనాడు నేనియ్యలే. నా కొడుకు అబద్ధమాడిండు. అందుకే మీ నెత్తురు ఈ పిల్ల వాడుకోలే. మళ్ల ఇస్తరా లేదా మీ ఇష్టం. ఈ జరం నాకుండె, మందులతోని తగ్గింది. ఇయ్యాల నేనే ముందు ఇస్తున్న," అని చెయ్యి చాపాడు.

ఎనిమిది మంది వెళ్లిపోయారు. "థూ, నీ బతుకు చెడ," అని రంగి పెద్దమ్మ నన్ను తిట్టి మరీ పోయింది. ఎందుకు పోతున్నారని కరుణ ఒక్కర్నీ అడగలేదు. ముప్పై ఒక్క మంది ఇచ్చారు.

పనయ్యాక ఆమె కంచె దాకా వచ్చి, ఒక గ్లోవ్స్ డబ్బా నా చేతిలో పెట్టింది. "ఈనే కాలం వస్తోందిగా. ఈసారైనా వేసుకోండి."

మళ్లీ 'మీరు'. వెళ్లిపోబోతోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు.

"మేడం, మీకొకటి చదివి వినిపియ్యాలె. కాగితం లేదు, నోటికే వచ్చు."

ఆగింది.

"మీరంటే నాకు ప్రాణం. నాతోని నష్టాలున్నయ్. ఒకసారి అబద్ధమాడినోణ్ని. లాభం ఉంటదని గ్యారంటీ ఇయ్యలేను. మీకు ఇష్టం లేకపోతే, ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు."

అక్కడ ఆగి ఆమె మొహంలోకి చూశాను. పద్ధతి అదే మరి. చినుకులు మొదలయ్యాయి. 

"ఇది ఎవరి పేరు మీద చెప్తున్నావ్?"

"నా పేరు మీదనే."

వెనక మంచం మీంచి నాయిన దగ్గాడు. "బిడ్డా, సమజైందో లేదో ఏదో ఒకటి జెప్పు. వాన పెద్దదయ్యేటట్టుంది."

కరుణ చేతి గ్లోవ్ తీసేసింది. ఆ పొద్దున్నుంచీ ముప్పై రెండు మంది చాపినట్టే, కంచె మీదుగా చెయ్యి చాపింది.

"అర్థమైంది," అంది. "నా ఇష్టంతోనే."