ఇంటి సాక్ష్యం

పుంగనూరులో ఆ పొద్దున కూడా జ్ఞానసుందరం ఇంట్లో మామూలుగానే తెల్లవారింది. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, దోసె తింటూ ఆయన ఫోన్ వైపే చూస్తున్నాడు. భార్య స్వర్ణలత పెనం దగ్గర నుంచి కదల్లేదు. మదనపల్లె దగ్గరి క్రైస్తవ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన పెద్దయ్యగారు మొన్న వేసవిలో కన్నుమూశారు. ఆయన తర్వాత అక్కడి పిల్లలకూ పంతుళ్లకూ ఆత్మీయ నాయకుడిగా ఉండే కాపరి ఎవరో పెద్దల సంఘం ఈరోజే చెప్పబోతోంది.

అసలు ఇందులో ఆలోచించడానికేముంది? పెద్దయ్యగారి సంచీ మోసిందెవరు, ఆయనకు ఒంట్లో బాగాలేని రోజున ప్రసంగం చెప్పిందెవరు? ఊళ్లో సగం మంది జ్ఞానసుందరాన్ని అప్పుడే కొత్త అయ్యగారని పిలుస్తున్నారు. ఆయనా వద్దనడం లేదు. మనిషి చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పేయాలి. కాకపోతే ఆ పదవి మీద ఆయనకు ప్రాణం.

ఒక్క మెలిక మాత్రం ఉంది. నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఆ మనిషిని ఏమీ అడగకూడదని పెద్దయ్యగారు పద్ధతి పెట్టారు. అడగాల్సింది ఇంటివాళ్లను. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, "ఈయన ఇంట్లో మీక్కూడా కాపరేనా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేస్తారు. దాన్నే ఇంటి సాక్ష్యం అంటారు. సంఘం పెద్ద ప్రభుదాసు పోయిన వారం వచ్చి స్వర్ణలతను అడిగి వెళ్లాడు. ఔనని ఒక్క మాట అంటే చాలని జ్ఞానసుందరం ఆమెకు ముందే చెప్పి ఉంచాడు.

ఫోన్ మోగింది. ప్రభుదాసే.

"సుందరం, మనసు గట్టి చేసుకోప్పా. వేరే ఆయన్ను పిలస్తాండాము. మీ ఇంటి సాక్ష్యం నిలబడలేదు."

ఆయన ఇంకేదో చెప్పబోతుంటే జ్ఞానసుందరం వినకుండానే పెట్టేశాడు. కంచం పక్కకు నెట్టి లేచాడు.

"ఏం సెప్పినావు ప్రభుదాసుకు?"

స్వర్ణలత పొయ్యి ఆర్పింది.

"ఔనని సెప్పలేదు, కాదనీ సెప్పలేదు. కుప్పం పోయి భవ్యను అడగండి అన్నా."

భవ్య వాళ్ల ఒక్కగానొక్క కూతురు. కుప్పం పక్క పల్లెలో గొర్రెలు పెంచుకునే హిందువుల ఇంటి పిల్లవాడు ఉమాపతిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత తండ్రి ఆమెతో మాట్లాడింది లేదు. ఇంటి సాక్ష్యమంటే ఇంట్లో ఉన్న స్వర్ణలతే కదా అనుకున్నాడు జ్ఞానసుందరం. తాను కూతుర్ని లెక్కలోంచి తీసేశాడు కాబట్టి పెద్దలు కూడా తీసేసి ఉంటారని నమ్మాడు. అక్కడే ఆయన పప్పులో కాలేశాడు.

"ఇన్నేండ్లు నా పక్కన కూర్చొని ప్రార్థన చేసినావు. ఆఖరికి నన్నే పట్టిచ్చినావు. యేసును పట్టిచ్చిన యూదా గూడా పరాయోడు కాదులే, పక్కన కూర్చొని తిన్నోడే."

"నన్ను ఏమన్నా అనండి. తప్పిపోయిన కొడుకును తండ్రి మళ్లా ఇంట్లోకి తీసుకునే బైబిలు కథ మీరు ప్రసంగంలో సెప్తాంటే జనం ఏడ్సేది. నేనూ ఏడ్సేదాన్ని. వాళ్లు ఆ కొడుకు కోసం, నేను నా కూతురి కోసం. ఒక్క దినమన్నా నా పక్క సూసినారా?"

"అది వేరే, ఇది వేరే."

"ఎట్ల వేరే?"

ఆ ప్రశ్నకు ఆయన కోపం ఇంకా ఎక్కువైంది. "తల్లీకూతుళ్లు కూడబలుక్కోని నా కొంప ముంచినారు. దాని మొగం మీదనే అడిగేసి వస్తా" అంటూ చెప్పులేసుకుని బయటపడ్డాడు. స్వర్ణలత వద్దనలేదు.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేదాకా ఆయన లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాడు. పరాయివాళ్లు పోటీకొచ్చి ఓడించి ఉంటే ఓర్చుకునేవాడు. కట్టుకున్నదీ, కన్నకూతురూ కలిసి వెన్నుపోటు పొడిస్తే ఎవరికి చెప్పుకోవాలి? అడగాల్సిన మాటలన్నీ దారి పొడుగునా కూడబెట్టుకున్నాడు.

పల్లెలో ఇల్లు కనుక్కోవడానికి నలుగురిని అడగాల్సి వచ్చింది. భవ్య దొడ్డి ముందు ఊడుస్తోంది. తండ్రిని చూసి చీపురు వదిలేసి, "నాయనా" అంటూ ఎదురొచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ కడుపు సల్లబడిందా? ప్రభుదాసుకు ఏం సెప్పినావు నా గురించి?"

"మా నాయన కాపరే అని సెప్పినా."

"ఎగతాళి సేస్తాండావా?"

"లేదు నాయనా. సిన్నప్పుడు నాకు కాలిరిగితే వీపున ఎత్తుకోని హార్స్లీ హిల్స్ అంతా సూపిచ్చినావే, అది సెప్పినా. ఈడికి వస్తా పోతా ఉంటావని గూడా సెప్పినా."

"నేనెప్పుడొచ్చినా?"

"రాలేదు. అబద్దమే సెప్పినా." భవ్య కళ్లు తుడుచుకుంది. "ఆ పదవి కోసం నువ్వు ఎంత ఆశపడతాండావో నాకు తెలుసు. నా మూలంగా పోగూడదనుకున్నా."

జ్ఞానసుందరం గొంతు తగ్గింది. "మరి ఎట్ల సెడింది?"

"అంకుల్‌కు మా అత్త నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన నీ స్నేహితుడంటే సంబరపడి, 'ఈసారి మా వియ్యంకుణ్ణి పిల్సుకోని రాప్పా, ఇంతవరకూ మేము మొగమే సూడలేదు' అనింది. ఆమెకేం తెలుసు, పాపం. ప్రభుదాసు అంకుల్ ఇంకేం అడగలా. నా తల నిమిరి పోయినాడు."

కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. తనను పట్టించారని భార్యనూ కూతుర్నీ నానా మాటలూ అనుకుంటూ వచ్చాడు. తీరా చూస్తే, తాను వదిలేసిన బిడ్డ తన పరువు కోసం దేవుడి మనిషి ముందు అబద్ధమాడింది. ద్రోహం చేసింది ఎవరో ఆయనకు ఇక ఒకరు చెప్పనక్కర్లేదు. అరుగు మీద కూలబడి పెద్దగా ఏడ్చాడు.

ఏడుపు విని దొడ్డిలోంచి భవ్య అత్త మల్లమ్మ బయటికొచ్చింది.

"ఎవురమ్మా ఈయన?"

ఏం చెప్పాలో తెలియక భవ్య తండ్రి వైపు చూసింది.

"నేను భవ్య నాయననమ్మా" అన్నాడు జ్ఞానసుందరం.

మల్లమ్మ ఆయన్ను తేరిపార చూసి, "ఎండన పడి వచ్చినావు, ముందు మజ్జిగ తాగుదువు రాప్పా" అంటూ లోపలికి పోయింది.

ఆయన తన ఫోన్ తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"అమ్మకు సెయ్యి తల్లీ. పొద్దున అనగూడని మాట అన్నా. నువ్వు కలిపియ్యి, అడగాల్సింది నేనడుగుతా."

భవ్య ఏడుస్తూనే నంబరు నొక్కింది.