అవ్వ ఆపిన బస్సు

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు భాగ్యం హాల్లో నేల మీద చతికిలబడి అత్తగారి చీరలకు గుర్తులు వేస్తోంది. చాకలివాళ్ళు వాడే నల్లసిరాతో ప్రతి చీర కొంగు మూలన 'వి. తాయారు' అని రాయాలి. మురుంగపాక్కంలో ముసలివాళ్ళను చూసుకునే హోమ్ వాళ్ళు పెట్టిన నియమం అది. రేపు పదింటికి వాళ్ళ వ్యాన్ సారం పేటలోని ఈ ఇంటి ముందు ఆగుతుంది. భాగ్యం తమిళ అక్షరాల్లోనే రాస్తోంది. నాలుగు తరాలుగా పుదుచ్చేరిలో ఉన్న ఆ కుటుంబంలో తెలుగు నోటికి వచ్చిందే గాని చేతికి ఎవరికీ రాలేదు.

కిటికీ పక్క మంచం మీద తాయారమ్మ పడుకుని పైకప్పు చూస్తోంది. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రిలో డాక్టరు చెయ్యెత్తమన్నాడు, కళ్ళు మూయమన్నాడు. ఆమె దేనికీ ఉలకలేదు, పలకలేదు. మాట రాకపోవడమే కాదు, మనం చెప్పేది కూడా ఆమెకు అందడం లేదని ఆయన తేల్చేశాడు. అప్పటినుంచి భాగ్యం నోట ఒకే మాట నానుతోంది: "ఆమెకు యాడున్నా ఒకటే." కొడుకు విజయరంగన్ మొదట్లో ఆ మాటకు ముఖం చిట్లించుకునేవాడు. తల్లిని ఎత్తీ దించీ పెళ్ళాం నడుము పట్టేసి రెండు వారాలు మంచమెక్కాక అతనూ ఆ మాటే అనడం మొదలుపెట్టాడు.

పగలు చూసుకోవడానికి అంజలై అనే ఆవిడ వస్తుంది. తమిళం తప్ప మరో భాష తెలియదు. ఆమె వచ్చిన మొదటిరోజే ఒక మాట చెప్పింది: అందరూ పేషెంటుతో తమిళంలోనే మాట్లాడండి, ఒకే మాట పదిసార్లు వింటేనే బుర్రకెక్కుతుంది, నాకూ తెలిసినట్టుంటుంది అని. బాగానే ఉందనుకున్నారు. తినమన్నా, తాగమన్నా, నొప్పిగా ఉందా అని అడిగినా అందరూ తమిళంలోనే అడిగారు. ఇక అంజలై వినకూడని సంగతులు తెలుగులో మాట్లాడుకున్నారు. అది ఆ ఇంట్లో తాతల నాటి అలవాటు. అంగడివాడి ముందు, చుట్టాల ముందు, అద్దెకుండేవాళ్ళ ముందు గుట్టు మాటంటే తెలుగే.

గది తలుపు సందులోంచి కంప్యూటర్ కీచుకీచుమంటోంది. కూతురు కవిప్రియ నిన్న తెల్లవారుజామున ఆ గదిలో దూరింది, స్నానానికీ తిండికీ తప్ప బయటికి రాలేదు. ఇంటర్నెట్లో ఏదో పోటీ. శనివారం మొదలుపెట్టి సోమవారం పొద్దుటికల్లా, నలభై ఎనిమిది గంటల్లో ఒక చిన్న వీడియో గేమ్ మొదటినుంచి చివరిదాకా తయారుచేయాలట. బొమ్మలూ చప్పుళ్ళూ అన్నీ సొంతంగా. దాన్ని గేమ్ జామ్ అంటారట. జామ్ అంటే రొట్టెకు రాసుకునేదొక్కటే తెలిసిన భాగ్యానికి ఆ పేరు వింటేనే ఒళ్ళు మండుతుంది. పోయిన ఏడాది ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించింది పిల్ల కాలేజీ చదువు కోసం, ఈ ఆటల కోసం కాదు.

కాఫీ కోసం కవిప్రియ బయటికి రాగానే భాగ్యం అందుకుంది. రేపు అవ్వ ఇల్లు వదిలి పోతుంటే, ఈరోజు కూడా బొమ్మలతో ఆడుకోవడానికి మనసెట్లా ఒప్పిందని కడిగేసింది.

"ఆడుకుంటా లేనమ్మా, చేస్తా ఉండా," అంది కవిప్రియ. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అయినా అవ్వను పంపేది నేనా? పేరు రాస్తా ఉండేది ఎవరు?"

భాగ్యం చేతిలో సిరాపుల్ల ఆగిపోయింది. పుండు మీద కారం చల్లినట్టయింది ఆమెకు. నీ నడుము కాదు గదా పోయిందని అరిచింది. ఆ అరుపులు మాత్రం తెలుగులోనే సాగాయి. మంచం దగ్గర దువ్వెన కడుగుతున్న అంజలై, తనకు సంబంధం లేనట్టు తల వంచుకుంది.

"ఆమెకు యాడున్నా ఒకటే," అని మామూలుగానే ముగించింది భాగ్యం.

కాసేపటికి తాయారమ్మ ఎడమ కంట నీరు కారింది. అది రోజూ ఉండేదే. కన్ను పొడిబారితే అట్లా కారుతుందని మందుల అంగడివాడు చెప్పగా చుక్కల మందు తెచ్చిపెట్టారు. అంజలై రెండు చుక్కలు వేసి కొంగుతో తుడిచింది.

పదకొండు గంటలకు కవిప్రియ ఒక స్టూలు తెచ్చి అవ్వ మంచం పక్కన వేసింది. తర్వాత ఆ బరువైన మానిటర్‌ను కడుపుకు ఆనించుకుని మోసుకొచ్చింది, వెనకాలే కంప్యూటర్ పెట్టె, వైర్లు. భాగ్యం ఇదేం పిచ్చి అని అడిగింది. ఆట తెలియనివాళ్ళతో ఆడించి చూడాలి, అప్పుడే తప్పులు బయటపడతాయి అని పిల్ల చెప్పింది. నాయన మటన్ తేవడానికి పోయాడు, అమ్మకు ఓపిక లేదు. పైగా రేపటినుంచి అవ్వ పక్కన కూర్చునే వీలుండదు. ఆ చివరి మాట చాలా మెల్లగా అంది.

ఆట చాలా చిన్నది. ఒక టౌన్ బస్సు గుండ్రంగా తిరుగుతుంటుంది. దారిలో మూడు స్టాపులు: సముద్రం, చేపల అంగడి, గుడి. ఎక్కిన మనిషి యాడ దిగాలో చెబుతాడు. అక్కడికి బస్సు రాగానే మీట నొక్కితే బస్సు ఆగుతుంది. ఈసారి పోటీకి పెట్టిన షరతే అది, ఆటంతా ఒక్క మీటతో నడవాలని. కవిప్రియ కీబోర్డు మంచం మీద పెట్టి, అవ్వ ఎడమ చేతిని పొడుగుపాటి మీట మీద ఆనించి, ఒకసారి తానే ఆ చేత్తో నొక్కించి బస్సు ఆపి చూపింది.

"సముద్రంకాడ దిగాలి, అన్నా," అంది పెట్టెలోంచి గొంతు. అది కవిప్రియ గొంతే, కాస్త బొంగురు పెట్టి తెలుగులో పలికింది. నిన్న గదిలో తమిళంలో మాట్లాడి రికార్డు చేస్తే బయట అంజలై విని నవ్వుతుందేమోనని సిగ్గుపడి, ఇంటి మాటలోకి మారిందట.

రెండుసార్లు బస్సు స్టాపులన్నీ దాటిపోయింది. మూడోసారి సముద్రం దగ్గర ఆగింది. భాగ్యం చూసీ చూడనట్టు చీర మడతపెట్టింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో తగిలింది అనుకుంది. తర్వాతి మనిషి గుడికాడ దిగాలన్నాడు. బస్సు చేపల అంగడి దాటింది, గుడి ముందు ఆగింది. ఆ తర్వాత చేపల అంగడి. మళ్ళీ గుడి.

భాగ్యం చీర వదిలేసింది. 

పిల్ల వంగి పెట్టెలోని గొంతు ఆపేసింది. కోయిల్ దగ్గర ఆపు పాట్టీ అని తమిళంలో తానే చెప్పింది. బస్సు రెండు చుట్లు తిరిగింది. తాయారమ్మ వేళ్ళు కదల్లేదు.

"అవ్వా," అంది అప్పుడు. "గుడికాడ ఆపు అవ్వా."

గుడి వచ్చింది. మీట టక్కున మోగింది.

 ఏమైందో తెలియక అంజలై ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. పెట్టె ఏ భాషలో మాట్లాడిందని అడిగింది. కవిప్రియ చెప్పింది. ఆవిడ భాగ్యం వైపు తిరిగి తమిళంలోనే మెల్లగా అడిగింది.

"అంటే అక్కా, ఈ నాలుగు నెలలూ మేం ఆమెకు చెప్పిందేదీ అర్థం కాలేదు. నాకు తెలియకుండా మీరు మాట్లాడుకున్నదంతా అర్థమైంది. ఏం మాట్లాడుకున్నారక్కా?"

 భాగ్యం లేచి వంటింట్లోకి పోయి, స్టవ్ ముందు ఊరికే నిలబడింది. ఏం మాట్లాడింది? నడుము నొప్పి వచ్చిన ప్రతిసారీ మాట్లాడింది. పక్కగుడ్డలు మార్చిన ప్రతిసారీ మాట్లాడింది. తినండి అత్తా అని ముద్దుగా అన్నవన్నీ ఆమెకు అందని తమిళంలో గాలికి పోయాయి, విసుగు మాత్రం ఒక్క పొల్లు పోకుండా చేరింది. ఒకనాడు మధ్యాహ్నం అత్తగారి తల దువ్వుతూ, కడలూరులోని చెల్లెలితో ఫోన్లో అన్న మాట గుర్తుకొచ్చింది. ఆరోజు దువ్వెన పట్టుకున్న చేతి మీద నీటి బొట్టు పడింది. తుడుచుకుని, సాయంత్రం వస్తూ చుక్కల మందు తెమ్మని మొగుడికి చెప్పింది. 

విజయరంగన్ మటన్ సంచితో వచ్చి, సంగతి విని, సంచి గుమ్మం దగ్గరే వదిలేశాడు. అతనికి నమ్మకం కుదరలేదు. అమ్మా, గుడికాడ ఆపు అని తనే ఒకసారి చెప్పి చూసి, బస్సు ఆగాక తల పట్టుకున్నాడు. డాక్టరుకు ఫోన్ చేశాడు.  ఆయన, అట్లా జరగొచ్చు, పుట్టినప్పటి భాష మిగిలి, తర్వాత నేర్చింది పోవచ్చు అన్నాడు. మీరు ఇంట్లో తెలుగు మాట్లాడతారని నాకెందుకు చెప్పలేదని అడిగాడు.  అది బయటివాళ్ళకు చెప్పుకునే సంగతి అని ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

వ్యాన్ వద్దని చెప్పేస్తానని అతను మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. భాగ్యం వంటింటి గుమ్మంలో నిలబడి ఆపింది.

"నాలుగు నెలలూ ఆమెను అడక్కుండానే అన్నీ చేసినాం. ఇప్పుడన్నా అడుగుదాం."

కవిప్రియ మధ్యాహ్నమంతా కూర్చుని ఆ మూడు స్టాపులూ తీసేసి రెండు గీసింది. ఒకటి ఆకుపచ్చ గేటున్న సారం ఇల్లు. ఇంకొకటి మురుంగపాక్కం హోమ్. బస్సులో ఒక్క మనిషే, ముక్కుపుడక పెట్టుకున్న ముసలావిడ. పోటీకి పంపాల్సింది ఏమవుతుందని తండ్రి అడిగితే పిల్ల గేటుకు రంగు నింపుతూనే ఉంది. ఆటలో గొంతు మాత్రం పెట్టలేదు. నువ్వే చెప్పమ్మా అని పక్కకు జరిగింది.

భాగ్యం మంచం పక్కన నిలబడింది. అత్తగారి కళ్ళలోకి చూడలేక తెర వైపు చూసింది.

"అత్తా, అది మన ఇల్లు. అది రేపు పోవాల్సిన చోటు. మీరు యాడ ఉండాలనుకుంటారో ఆడ ఆపండి."

బస్సు కదిలింది. ఆకుపచ్చ గేటు వచ్చింది. వేళ్ళు కదల్లేదు. గేటు వెనక్కి పోయింది. మురుంగపాక్కం వచ్చింది. మీట మోగింది.

విజయరంగన్ గోడవైపు తిరిగిపోయాడు. అవ్వ చూసుకోకుండా నొక్కిందేమో అని కవిప్రియ గొణిగింది. కాదని భాగ్యానికి తెలుసు. ఇంటికి బరువైపోయానని నాలుగు నెలలు రోజూ విన్న మనిషి ఇంకెక్కడ దిగుతుంది? ఆమె నేల మీద మోకాళ్ళ మీద కూలబడి, మీట మీదున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. నడుము కలుక్కుమంది. పట్టించుకోలేదు.

"అత్తా, అప్పుడు మీరు వింటా ఉండారని తెలీక అన్నా. ఆమె ఎప్పుడో పోయింది, ఇప్పుడుండేది ఒళ్ళు మాత్రమే, నేను అప్పుడే ఏడ్చేసినా అని చెల్లితో అన్నా. మీ తల దువ్వతా అన్నా. తెలిసుంటే అనేదాన్ని కాదు అని తప్పించుకోను. అలసిపోయినా అత్తా, అందుకే అన్నా. ఇంకో నాలుగు దినాలకు మళ్ళా అలసిపోతా, మళ్ళా విసుక్కుంటా. కానీ అప్పుడు మీ ముఖం చూసే విసుక్కుంటా, మీరు గుడ్లురిమి చూడండి." ఊపిరి తీసుకుంది. "మీకు యాడున్నా ఒకటే అని రోజూ అన్నా. నాకు ఒకటి కాదత్తా."

తాయారమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ ముఖం ఇక మారదని డాక్టరు చెప్పనే చెప్పాడు. కవిప్రియ రెండు స్టాపులనూ అటుదిటు మార్చి ఆటను మళ్ళీ మొదలుపెట్టింది. భాగ్యం చేతులు తీసేసి వెనక్కి జరిగింది.

ఈసారి ముందు మురుంగపాక్కం వచ్చింది. అంజలైకి మాటలు తెలియకపోయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మురుంగపాక్కం మెల్లగా దాటిపోయింది. ఆకుపచ్చ గేటు కనిపించింది, దగ్గరికొచ్చింది. ముసలి చెయ్యి కొంచెం లేచి, మీట మీద బరువుగా పడింది.

గేటు ముందు బస్సు ఆగి ఉంది. ఎవరూ మళ్ళీ కదిలించలేదు. తాయారమ్మ ఎడమ కంట నీరు నిండి చెంప మీదుగా దిండులోకి జారింది. అలవాటు కొద్దీ అంజలై చుక్కల మందు సీసా అందించింది.

భాగ్యం దాన్ని తీసుకోలేదు. కొంగుతో ఆ చెంప తుడుస్తూ, ఏడవండత్తా, నేను ఈడే ఉండా అంది.